నిండు పాతర పక్కన ఆకలి

పిల్లప్ప సోమరి అని ఊరు తేల్చేసింది వాడికి తొమ్మిదేళ్లున్నప్పుడు. తొమ్మిదేళ్ల పిల్లవాడి మీద తీర్పు చెప్పడానికి ఊరికి పెద్ద సాక్ష్యమేమీ అక్కర్లేదు. హోసూరు పక్క అత్తిముగానికి మూడు మైళ్ల దూరంలో ఉన్న ఆ పల్లెలో మేకలున్న ఇళ్లు పదిహేను. అందులో ముత్తప్ప ఇల్లు ఒకటి. మేకలు పరాయి చేలో పడితే పరిగెత్తి మళ్లించాల్సింది కొడుకు. పిల్లప్ప పరిగెత్తేవాడు. వంద బారలు పోయేసరికి తొడలు బిగిసి, పిక్కలు గట్టిపడి, ఉన్నచోటే కూలబడేవాడు. మేకలు ఎవరి ఉలవచేలోనో హాయిగా మేసేవి. ఆ చేనివాడు వచ్చి ముత్తప్పను తిట్టేవాడు, ముత్తప్ప వచ్చి కొడుకును కొట్టేవాడు.

అసలు చిక్కు ఎక్కడంటే, చేనివాడు తిట్టి, ముత్తప్ప కర్ర వెతుక్కొని వచ్చేలోగా ఓ పది నిమిషాలు గడిచేవి. అప్పటికి పిల్లప్ప కాళ్లు వాటంతటవే విడిచేవి. తండ్రి చేతిలో కర్ర కనపడగానే లేచి పరుగు లంకించుకునేవాడు. ఇక చూసినవాళ్లు ఏమంటారు? దెబ్బకు పరిగెత్తే కాళ్లు మేకల వెంట ఎందుకు పరిగెత్తవు అన్నారు. తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు అన్నారు. వాళ్ల కళ్లకు కనిపించింది అదే మరి.

తల్లి కాబట్టి సుబ్బక్క ఒకటి రెండుసార్లు కొడుకు పిక్కలు పట్టి చూసింది. రాళ్లలా ఉన్నాయి. అబద్ధమాడితే కండ ఇంత గట్టిపడుతుందా అని ఆమెకు అనుమానం వచ్చింది. అనుమానం వచ్చినందుకు ఆమె కొడుక్కు చేసిన మేలు, వాణ్ణి అంజనప్ప దగ్గరికి తీసుకుపోవడం. అంజనప్ప ఎద్దులకు కాలు పట్టేస్తే వాత పెట్టే మనిషి. ఎద్దుకు పనికొచ్చింది మనిషికి పనికిరాదా అనుకొని, ఇనుప చువ్వ ఎర్రగా కాల్చి రెండు పిక్కల మీదా మూడేసి గీతలు గీశాడు. పన్నెండేళ్ల పిల్లప్పను ముత్తప్పే భుజాలు పట్టి అదిమాడు. తల్లి కొంగు పట్టుకొని ఏడేళ్ల చెల్లెలు పుష్పావతి రెప్ప వేయకుండా చూస్తూ నిలబడింది. వాతలు మానడానికి నెల పట్టింది. ఆ నెలంతా వాడు పరిగెత్తలేదు కాబట్టి కాళ్లూ పట్టలేదు. వాత బాగా పని చేసిందని అంజనప్పకు ఒక కోడిపుంజును ఇచ్చారు.

మళ్లీ మొదలైనప్పుడు పిల్లప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏం జరుగుతుందో పిక్కల మీద రాసి ఉంది. పద్నాలుగో ఏట, రాగి కోతలప్పుడు, తండ్రి తిట్లు పడలేక, కాళ్లు పట్టినా ఆగకుండా కల్లానికి మోపులు మోశాడు. సాయంత్రానికి తొడలు వాచిపోయాయి. మూత్రం పాలు కలపని కాఫీ రంగులో వచ్చింది. వేడి చేసిందన్నారు ఇంట్లో. నడినెత్తిన ఆముదం పెట్టి, జీలకర్ర నీళ్లూ పలచటి మజ్జిగా చెంబులకు చెంబులు తాగించి పడుకోబెట్టారు. మూడు రోజులకు తేరుకున్నాడు. ఆగకుండా పని చేస్తే ఏమవుతుందో వాడికి తెలిసొచ్చింది. ఆగితే ఏమంటారో ముందే తెలుసు. ఈ రెండిటి మధ్య బతకడానికి వాడికి ఒక సందు కావలసి వచ్చింది.

ఆ సందు బీడీలో దొరికింది. మరుసటి ఏడు ఒక బావి తవ్వకంలో మట్టి తట్టలు మోస్తూ కనిపెట్టాడు దాన్ని. పని మధ్యలో ఊరికే కూర్చున్నవాడు సోమరి. పని మధ్యలో బీడీ ముట్టించినవాడు పనిమంతుడు. ఈ చట్టం ఎవరు పెట్టారో గాని, హోసూరు నుంచి కృష్ణగిరి దాకా ఏ పనిలో చూసినా ఇదే చెల్లుతుంది. మేస్త్రీ కూడా అగ్గిపెట్టె అందిస్తాడు తప్ప లేవమనడు. పిల్లప్పకు పొగ పడదు, దగ్గొచ్చేది. అయినా నేర్చుకున్నాడు. నాలుగు తట్టలు మోసి, తొడలు బిగుసుకునే జాడ తెలియగానే గట్టు మీద చేరి బీడీ ముట్టించేవాడు. అది అయిపోయేలోగా కాళ్లు విడిచేవి. ఒకసారి విడిచాయంటే ఆ పూటకు ఇక వాడికి ఎదురు లేదు. తక్కినవాళ్లు నడుములు పట్టుకొనే వేళకు వాడు మొదటి తట్ట మోసినట్టే మోసేవాడు. ఎందుకిలా జరుగుతోందో వాడికి తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. ఆకలిగా ఉన్నవాడు అన్నం ఎక్కడ పండిందని అడుగుతాడా?

పద్దెనిమిదో ఏట హోసూరులో ఒక గోడౌన్‌లో లోడింగ్ పనికి చేరాడు. అట్టపెట్టెలు లారీకి ఎక్కించే పని. అక్కడికి వాడి సోమరితనం ఇంకా చేరలేదు. దాన్ని చేరనివ్వకుండా ఉండడమే వాడి అసలు ఉద్యోగం అయింది. అందరూ గేటు దగ్గర బస్సు దిగితే వాడు రెండు స్టాపుల ముందే దిగి నెమ్మదిగా నడిచి వచ్చేవాడు. నడిచి వస్తే మొదటి పెట్టెలకు కాళ్లూ చేతులూ అంతగా మొరాయించవని కనిపెట్టాడు. దారిలో టీ కొట్లో చక్కెర రెండింతలు వేయించుకొని తాగేవాడు. తాగిన రోజున పని తేలిగ్గా నడిచేది, తాగని రోజున నడిచేది కాదు. ఇవన్నీ ఎవరికీ తెలియకుండా, దొంగ తన తాళాలను దాచుకున్నట్టు దాచుకున్నాడు. మేస్త్రీ రామచంద్ర కొత్తగా చేరిన కుర్రాళ్లకు పిల్లప్పను చూపించి, పొద్దున నిదానంగా మొదలుపెట్టినా సాయంత్రం దాకా ఆగనివాడు వీడొక్కడే అని చెప్పేవాడు. ఆ మాట విన్న రోజు పిల్లప్ప రెండు బన్నులు కొనుక్కొని ఒక్కడే కూర్చొని తిన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఒకరు తనను పనిమంతుడు అనడం అదే మొదలు.

హోసూరులో పేరు మారింది గాని ఊళ్లో మారలేదు. కృష్ణగిరి వైపు నుంచి వచ్చిన మొదటి సంబంధం పల్లె పొలిమేరలోనే తిరిగిపోయింది. పిల్ల తండ్రి దారిలో ఎవరినో ముత్తప్ప ఇల్లెక్కడ అని అడిగితే, కూలబడే పిల్లప్ప ఇల్లా అని వాళ్లు దారి చూపించారట. ఆయన ఇల్లు కూడా చూడకుండా బస్సెక్కేశాడు. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది, మన ఇంటి పిల్లవాడు కాకపోతే.

చెల్లెలి పెళ్లి మాత్రం సులువుగా అయిపోయింది. సుబ్బక్క తన తమ్ముడు పరశురామ్‌కే కూతురిని ఇచ్చింది. వీళ్లలో మేనమామదే మొదటి హక్కు, అడిగితే కాదనేవాళ్లు లేరు. కెలమంగలం దగ్గర పరశురామ్‌కు రెండెకరాల మల్బరీ తోట, పట్టుపురుగుల ఇల్లు ఉన్నాయి. అత్త ఎవరో కాదు, సుబ్బక్క తల్లి తిమ్మక్క. పుష్పావతికి సొంత అవ్వ. పుట్టినప్పుడు ఆ పిల్లకు మొదటి నీళ్లు పోసిన చేతులు ఆమెవే. అవ్వే అత్తయితే పిల్లకు ఏం తక్కువ అని అందరూ అన్నారు. అది రెండువేల ఒకటో సంవత్సరం. పుష్పావతికి పద్దెనిమిదేళ్లు.

మరుసటి ఏడు పిల్లప్పకు రెండో సంబంధం వచ్చింది. పిల్ల పేరు సుధామణి. ఆమె తండ్రి రాజప్ప గట్టి మనిషి. ఊరి మాటలు నమ్మకుండా స్వయంగా హోసూరు పోయి, గోడౌన్ ఎదురుగా టీ కొట్లో ఒక పూటంతా కూర్చొని, పిల్లప్ప పెట్టెలు మోయడం చూసుకొని వచ్చాడు. చూసింది మధ్యాహ్నం పూట కావడం పిల్లప్ప అదృష్టం. మాట ఖాయం చేసుకోవడానికి రాజప్ప ఒక సోమవారం ముత్తప్ప ఇంటికి వచ్చాడు. పుష్పావతి కూడా కెలమంగలం నుంచి వచ్చింది.

రాజప్ప తిన్నె మీద ముత్తప్పతో మాట్లాడుతున్నాడు. పిల్లప్ప తిన్నె పక్కనే పెరట్లో ఆవుకు కుడితి పెడుతున్నాడు. పుష్పావతి వచ్చి పక్కన నిలబడి మెల్లగా అడిగింది.

“అన్నా, ఆకు మోపు ఎత్తుకొని గట్టు ఎక్కితే నా తొడలు రాయి అయిపోతాయి. చేతులు కూడా. చిన్నప్పటి నుంచీ ఉంది, వాత పెడతారని చెప్పలేదు. నీకు కూడా ఇట్లే కదా? నువ్వు ఎట్ల పని చేస్తా ఉండావు?”

పిల్లప్ప చేతిలో కుడితి బిందె అలాగే ఉండిపోయింది. ఇరవై నాలుగేళ్లలో ఆ ప్రశ్న సరిగ్గా అడిగిన మనిషి ప్రపంచంలో ఆ పిల్ల ఒక్కతే. అది అడిగిన పూట కూడా ఎంత చక్కటి పూటో చూడండి. గోడకు అవతల మామ కాబోయేవాడు, నడుమ మట్టిగోడ. తిన్నె మీద మాటలు ఆగినట్టు వాడికి అనిపించింది. నిజంగా ఆగాయో లేదో దేవుడికే తెలియాలి.

“నాకు అట్లాంటిదేమీ లేదమ్మా,” అన్నాడు, అవసరమైన దానికన్నా గట్టిగా. “పని చేస్తే అందరికీ నొప్పి ఉంటుంది. నొప్పి అని కూచుంటే సంసారం జరగదు. పండ్లు కొరుక్కొని మోసెయ్యి, అదే పోతుంది.”

పుష్పావతి తల ఊపి లోపలికి పోయింది. తిన్నె మీద నుంచి రాజప్ప ముత్తప్పతో అన్న మాట కూడా పిల్లప్పకు వినిపించింది. పిల్లవాడు మంచి బుద్ధి చెబుతున్నాడు, ఇలాంటివాడే కావాలి అన్నాడాయన. పెళ్లి నెల తిరగకుండా అయిపోయింది. పిల్లప్ప మంచివాడే. మంచివాళ్లు చేసే పాపాలు ఇలాగే ఉంటాయి, అబద్ధం అరనిమిషం, దాని కింద నలిగేది ఇంకొకరు.

ఆ తర్వాత చెల్లెలితో ఒంటరిగా మాట్లాడే సందర్భం వాడు రానివ్వలేదు. ఉగాదికి పరశురామ్ వచ్చినప్పుడు, పుష్పకు మూత్రం నల్లగా పోయిందనీ, వేడికి అవ్వ సబ్జాగింజలు తాగిస్తోందనీ మాటల్లో చెప్పాడు. పిల్లప్పకు రాగి కల్లం గుర్తొచ్చింది. గొంతు దాకా వచ్చింది మాట. ఎదురుగా సుధామణి వడ్డిస్తోంది. ఆమెకు తను పనిమంతుడు. వేడికి మజ్జిగ మంచిది మామా అని ఊరుకున్నాడు.

కెలమంగలంలో పుష్పావతి పండ్లు కొరుక్కొనే పని చేసింది. అన్న మాట మీద ఆ పిల్లకు అంత గురి. కూలికి వచ్చే ఆడవాళ్లు వక్కాకు వేసుకోవడానికైనా మోపు దించి ఒక్క క్షణం నిలబడవచ్చు, కొత్త కోడలికి అదీ లేదు. మగవాడికున్న బీడీ ఆడదానికి లేదన్న సంగతి పిల్లప్పకు ఇన్నేళ్లలో తట్టలేదు. ఎందుకు తడుతుంది? గట్టు ఎక్కేటప్పుడు ఆ పిల్ల ఎప్పుడైనా ఆగితే తిమ్మక్క ఇంటి ముందు నుంచే కేకేసేది. అన్న బుద్ధే వచ్చింది దీనికి, కూచుంటే లేవదు అనేది. సొంత అవ్వ నోట ఆ మాట వినలేక పుష్పావతి ఆగడమే మానేసింది.

రెండువేల మూడో సంవత్సరం వేసవిలో పురుగులు నాలుగో జ్వరం లేచాయి. పట్టుపురుగు కుబుసం విడిచే ముందు మేత మాని మగతగా పడి ఉంటుంది, దాన్నే జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన పురుగు వారం రోజులు తినే తిండి దాని బతుకంతా తిన్నదానికన్నా ఎక్కువ. కంపెనీలకు, మామిడి మండీలకు పోయి కూలివాళ్లు దొరకలేదు. లేచిన నాలుగో రోజు మధ్యాహ్నం దక్షిణాన మబ్బు పట్టింది. తడిసిన ఆకు వేస్తే పురుగుకు రోగం వస్తుంది, వాన పడేలోగా రెండు రోజుల ఆకు కోసి ఇల్లు చేర్చాలి. పరశురామ్ కోస్తున్నాడు, పుష్పావతి మోస్తోంది. గట్టు ఎక్కడం, మోపు పడేయడం, పరిగెత్తి దిగడం. పదకొండు మోపులు చేర్చింది. పన్నెండో మోపుతో గట్టు మీద పడిపోయింది. వేళ్లు కొమ్మలను పట్టినవి పట్టినట్టే ఉండిపోయాయి, తిమ్మక్క వచ్చి ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

సాయంత్రం మూత్రం నల్లగా వచ్చింది. మరునాడు గుక్కెడు వచ్చింది. మూడో నాడు రాలేదు. మొహం, పాదాలు ఉబ్బాయి, ఏది తాగినా కక్కేసింది. పుష్పావతి ఇంట్లో పడుకొని ఉండగా పురుగులు మేసే చప్పుడు వానలాగా వినిపిస్తూనే ఉండింది. అవి మేత ముగించి, గూళ్లు కట్టడానికి చంద్రికలనే వెదురు తడికల మీద ఎక్కింది నాలుగో నాడు. అప్పుడు పరశురామ్‌కు చేతులు ఖాళీ అయ్యాయి. భార్యను హోసూరు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు చూసి, ఒక్క నిమిషం కూడా ఆగకుండా బెంగళూరు పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు.

కబురు తెలిసి పిల్లప్ప ఎత్తిన పెట్టె అక్కడే వదిలేసి గోడౌన్ నుంచి వచ్చాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ కోలారు వైపు మనిషి, తెలుగు మన తెలుగే. రక్తం శుభ్రం చేసే మిషను పెట్టామని, కండలు పగిలి వాటిలోని రంగు కిడ్నీలకు అడ్డం పడిందని చెప్పింది. పని చేస్తే కండలు ఇంతగా పగలడం మామూలు కాదు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా కాళ్లు చేతులు పట్టేయడం ఉందా అని అడిగింది.

పరశురామ్ లేదన్నాడు. పిల్లప్పను చూపించాడు. ఈమె అన్న ఇతనే, లోడింగ్ పని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోస్తాడు, ఇతనికి ఏమీ లేదు అన్నాడు. మేనమామ మాటలో ఎగతాళి లేదు, మెచ్చుకోలే ఉంది.

పిల్లప్ప నేల వైపు చూస్తూ, “నాకూ ఉంది మేడం,” అన్నాడు.

డాక్టరమ్మ వాడి చేతికి పట్టీ బిగించి, రబ్బరు బంతి ఇచ్చి పిసకమంది. నిమిషం తిరక్కుండా పిడికిలి బిగుసుకుపోయి విప్పుకోలేదు. అదే చేతి నుంచి రక్తం తీశారు. మామూలు మనిషి కష్టపడితే రక్తంలో పెరగాల్సిన ఒక ఆమ్లం వాడి రక్తంలో పెరగలేదట. మరునాడు కూర్చోబెట్టి చెప్పింది.

“మీ పక్క రాగులు పాతరలో దాస్తారు కదప్పా. ప్రతి కండకూ అట్ల ఒక పాతర ఉంటుంది. తిన్న చక్కెరే ఆడ నిలవ ఉంటుంది. జోరుగా పని మొదలుపెట్టినప్పుడు కండ మొదట దాన్నే తవ్వుకొని తింటుంది. మీ అన్నాచెల్లెళ్లకు పాతర నిండుగా ఉంది, మూత తీసే పనివాడు లేడు. పుట్టుకతోనే లేడు. బయట నుంచి రక్తంలో చక్కెర, కొవ్వు చాలినంత రావాల. దానికి పది నిమిషాలు పడుతుంది. అంతదాకా నిండు పాతర పక్కనే కండ ఆకలితో ఉంటుంది. ఆగితే బతుకుతుంది. ఆగకుండా కొట్టి పని చేయిస్తే పగిలిపోతుంది.”

మరి నువ్వు ఇన్నాళ్లు ఎలా నెట్టుకొచ్చావు అని అడిగింది. పిల్లప్ప చెప్పాడు. నడిచి రావడం, తీపి టీ, బిగుసుకోగానే ఆగడం, ఆగడానికి బీడీ. మొట్టమొదటిసారి ఒక మనిషికి అన్నీ విప్పి చెప్పాడు. డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపి విన్నది.

“మేము మందు లేక చెప్పే జాగ్రత్తలు ఇవే,” అంది. “నువ్వు పుస్తకం లేకుండానే కనిపెట్టినావు. ఆ పాపకు ఎవరూ చెప్పలేదా?”

ఆమె నిజంగానే తెలియక అడిగింది. పిల్లప్ప లేచి వరండాలోకి పోయాడు. గోడకు ఆనుకొని ఏడ్చాడు. చెల్లెలి కోసం ఏడుస్తున్నాడని పరశురామ్ ఓదార్చాడు. ఆ ఓదార్పు తీసుకోవడం ఏడుపు కన్నా కష్టమైంది.

మధ్యాహ్నం చూడనిచ్చారు. పుష్పావతి మొహం ఉబ్బి, కళ్లు చీలికల్లా ఉన్నాయి. తెలివి మాత్రం ఉంది. పిల్లప్ప మంచం పక్కన వంగి, డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాడు. తనకూ ఇదే ఉందని, చిన్నప్పటి నుంచీ ఉందని, అప్పుడు పెరట్లో అబద్ధం చెప్పానని చెప్పాడు. చెప్పి, తిట్టు కోసం ఎదురుచూశాడు. తిట్టి ఉంటే వాడి బతుకు ఇంకోలా ఉండేదేమో.

ఆ పిల్ల మొహంలో వెలుగు వచ్చింది.

“అట్లయితే నేను సోమరిదాన్ని కాదు కదన్నా?”

“కాదమ్మా.”

“అవ్వతో చెప్పు. నలుగురూ ఉండేటప్పుడు చెప్పు,” అంది. అబద్ధం సంగతి అడగనే లేదు. ఆమెకు కావలసింది ఒక్కటే, అది దొరికింది. అన్న చెయ్యి పట్టుకోవాలని చూసింది, వేళ్లు ముడుచుకోలేదు.

రెండు రోజుల తర్వాత పట్టపగలు, రక్తంలో పొటాషియం అనే ఉప్పు పెరిగి గుండె ఆగింది. కిడ్నీలు మళ్లీ పని చేయడానికి ఇంకొన్నాళ్లు పడుతుందని, ఆ కొన్నాళ్లు నాలుగు రోజుల ముందు తెచ్చి ఉంటే దొరికేవని డాక్టరమ్మ అంది. ఇరవై ఏళ్ల పిల్ల. పురుగులు మాత్రం మంచి గూళ్లు కట్టాయి.

పదకొండో నాడు కెలమంగలం దగ్గర పరశురామ్ ఇంటి ముందు పందిరి వేశారు. రెండు ఊళ్ల బంధువులు వచ్చారు. రాజప్ప వచ్చాడు, సుధామణి వచ్చింది. పంక్తిలో విస్తళ్లు వేసి అన్నం వడ్డిస్తుండగా, ఎవరో పుష్పను తలచుకొని మంచి పిల్ల అన్నారు. తిమ్మక్క స్తంభానికి ఆనుకొని, పిల్ల మంచిదే, ఒళ్లు వంగేది కాదు, ఆ ఒక్కటే లోపం అంది. చచ్చిన పిల్ల మీద కోపంతో అనలేదు. ఇంటి ముందు నుంచి కేకలేసింది తనే కదా. తన కేకలు న్యాయమైనవి కాకపోతే ఆ ముసలిది నిద్ర పోయేదెలా?

నలుగురూ ఉన్నారు. ఇంతకన్నా సమయం రాదు. పిల్లప్ప విస్తరి ముందు నుంచే చెప్పాడు. పుష్ప సోమరిది కాదని, కండలలో పుట్టుకతోనే లోపం ఉందని, డాక్టరమ్మ పరీక్ష చేసి చెప్పిందని, తనకు కూడా అదే ఉందని. పాతర మాట కూడా చెప్పాడు. రాజప్ప ముద్ద కలపడం ఆపేశాడు.

తిమ్మక్క మనవడి వైపు తిరిగింది. ఆమె గొంతులో కోపం లేదు.

“నీకూ ఉందంటావు. నువ్వు ఏడేండ్లుగా హోసూరులో మూటలు మోస్తా ఉండావు. అంత రోగం పెట్టుకొని నువ్వు మోసినప్పుడు, అది ఆకు మొయ్యలేదా? మనసుంటే చేసుండొచ్చు. నువ్వే సాక్షి కదప్పా.”

పంక్తిలో ఒకరిద్దరు తల ఊపారు. నిజమే కదా, కొలిచి చూస్తే అవ్వ లెక్క తప్పు లేదు. తన పరువు కోసం వాడు కట్టుకున్న పేరంతా ఇప్పుడు చెల్లెలి మీద సాక్ష్యంగా నిలబడింది. ఊరుకుంటే పుష్పావతి సోమరిదిగానే చచ్చినట్టు. ఎదురుగా మామగారు, వాకిట్లో సుధామణి.

“నేను మొయ్యలేదవ్వా,” అన్నాడు పిల్లప్ప. “కాళ్లు పట్టినప్పుడంతా కూచున్నాను. బీడీ పేరు చెప్పి కూచున్నాను, విడిచినాక లేచినాను. పుష్ప వచ్చి అడిగింది, నీకూ ఇట్లే ఉందా అన్నా, ఎట్ల చేస్తా ఉండావు అని. లేదన్నాను. కూచోవద్దు, పండ్లు కొరుక్కొని మొయ్యమన్నాను. అది నా మాట విన్నింది.”

వడ్డిస్తున్న సుబ్బక్క చారు గిన్నె కింద పెట్టింది. నడిచి వచ్చి, కొడుకు ముందు వంగి, వాడు ఇంకా చెయ్యి పెట్టని విస్తరిని అన్నంతో సహా తీసుకొని లోపలికి పోయింది.